ముందు పెట్రోలు సంగతి చెప్పు

మా బావమరిది సింగరాయకొండ నుంచి వాట్సాప్‌లో ఒక ఫోటో పంపాడు. నీలం బాటిల్, స్టీలు అల్లిక ఉన్న గొట్టం, కరెంటుతో తెరుచుకునే రెండు సాలినాయిడ్ వాల్వులు, గుప్పెడు ఇత్తడి జెట్లు. కింద ఒకే ప్రశ్న: "బావా, యాభయ్యా డెబ్బై అయిదా?"

ఏ జెట్టు పెట్టమంటావు అని అడుగుతున్నాడు. జెట్టంటే గ్యాస్ ఎంత పోవాలో తేల్చే సన్న రంధ్రపు ముక్క, దాని అంకె అది పెంచే హెచ్‌పి. వాడి దగ్గర 2005 నాటి స్విఫ్ట్ ఉంది. 1.3 పెట్రోలు, కొత్తలో 87 హెచ్‌పి. దాన్ని రోడ్డు మీద తిప్పడం ఎప్పుడో మానేశాడు. వెనక సీట్లు పీకేసి, చెన్నై అవతల ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్‌కి లారీ ఎక్కించుకుని పోతుంటాడు. ఇప్పుడు దానికి ఇంజను శక్తి పెంచే నైట్రస్ గ్యాస్ కిట్టు పెట్టాలని పట్టుబట్టాడు. ఫోన్ చేశాను.

"నీ పంపు ఎంత పెట్రోలు పోస్తుంది?"

"పంపుతో పనేముంది బావా, నేనడిగేది గ్యాస్ గురించి కదా."

వాడి ఒక్కడి మాటే కాదు ఇది. నైట్రస్ కిట్టు కొనాలనుకునే వాళ్ళలో పదిమందిలో తొమ్మిదిమంది గ్యాస్ గురించే అడుగుతారు. బాటిల్ ఎంత పెద్దది, జెట్టు ఎంత, ఎన్ని గుర్రాలు, అంటే హెచ్‌పి, పెరుగుతాయి అని. నా వాదన ఒక్కటే. నైట్రస్ కిట్టు ఎంచుకోవడమంటే గ్యాస్ ఎంచుకోవడం కాదు, ఆ గ్యాస్‌కి తగ్గ పెట్రోలు ఎక్కడినుంచి వస్తుందో తేల్చుకోవడం. రెండోది, నెల్లూరు ఒంగోలు ఎండల్లో ఉండే మనం ఆ బాటిల్‌ని ఎక్కడ పెడతామో తేల్చుకోవడం. గుర్రాల లెక్క ఈ రెండిటి తరవాతే.

అందరూ దాన్ని 'నాస్' అంటారు. అది 1978లో అమెరికాలో మొదలైన ఒక కంపెనీ పేరు. మనం వనస్పతిని డాల్డా అన్నట్టు, ఫోటోకాపీని జిరాక్స్ అన్నట్టు ఆ పేరు స్థిరపడిపోయింది. సినిమాల్లో బటన్ నొక్కగానే సైలెన్సర్‌లోంచి నీలం మంట వచ్చేసరికి అదేదో రాకెట్ ఇంధనం అనుకుంటారు మనవాళ్ళు. నైట్రస్ ఆక్సైడ్ ఇంధనమే కాదు. అది తనంతట తాను మండదు. 1772లో ప్రీస్ట్లీ తయారుచేసిన వాయువు అది, పళ్ళ డాక్టర్లు మత్తుకి వాడే లాఫింగ్ గ్యాస్ అదే. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు గాలి పలచగా ఉండే ఎత్తుల్లో విమానాల ఇంజన్లకి దాన్ని పట్టించారు.

అది చేసే పని ఆక్సిజన్ మోసుకురావడం. బరువు లెక్కన గాలిలో 23 శాతం ఆక్సిజన్ ఉంటే, నైట్రస్‌లో 36 శాతం. ఇంజను సిలిండర్ లోపల దాదాపు 300 డిగ్రీలు దాటగానే అది విడిపోయి ఆక్సిజన్ వదులుతుంది. పైగా బాటిల్లో ద్రవంగా ఉన్నది బయటికి రాగానే ఆవిరవుతూ చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తుంది. చల్లటి గాలి చిక్కన, అంటే ఇంకొంచెం ఆక్సిజన్. మన శ్రీహరికోట షార్ నుంచి లేచే పీఎస్‌ఎల్‌వీ రాకెట్ రెండో దశ కూడా తన ఆక్సిజన్‌ని ఇలాంటి నైట్రోజన్ ఆక్సైడ్ రూపంలోనే వెంట తీసుకుపోతుంది. అది వేరే ఆక్సైడ్, నైట్రోజన్ టెట్రాక్సైడ్. సూత్రం ఒకటే: మంట కావాలంటే ఇంధనంతోపాటు ఆక్సిజన్ కూడా మోసుకెళ్ళాలి. (జిల్లాలు విడగొట్టాక సూళ్ళూరుపేట తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, మా ఇంట్లో ఇప్పటికీ అది 'మన షారే'.)

బావమరిదికి అర్థం కావాలంటే రొయ్యల గుంట లెక్కలోకి దిగాల్సి వచ్చింది. వాడి బతుకంతా గుంటల మీదే.

"నువ్వు గుంటలో ఏరియేటర్లు ఎందుకు తిప్పుతావు?"

"తెల్లవారుజామున డీవో, అదే నీళ్ళలో ఆక్సిజన్, పడిపోద్ది కదా. రొయ్యలు పైకొచ్చి చస్తాయి."

"ఆక్సిజన్ బాగుంటే ఏం చేయొచ్చు?"

"ఇంకా పిల్లలు వేయొచ్చు, ఇంకా మేత వేయొచ్చు."

అంతే మరి. ఏరియేటర్ రొయ్యని లావు చేయదు. మేత లావు చేస్తుంది. ఏరియేటర్ ఆ మేత అరగడానికి వీలు కల్పిస్తుంది. ఇంజన్లో నైట్రస్ ఏరియేటర్ లాంటిది, పెట్రోలు మేత. గుర్రాలు వచ్చేది మేతలోంచే. అయితే పోలిక ఇక్కడితో సరి. గుంటలో ఏరియేటర్లు ఎక్కువ తిప్పి మేత తక్కువ వేస్తే కరెంటు బిల్లు దండగ, అంతే. ఇంజన్లో ఆక్సిజన్ ఎక్కువై పెట్రోలు తక్కువైతే వేడి అదుపు తప్పుతుంది, నాకింగ్ (పెట్రోలు అదుపు లేకుండా తనంతట అంటుకుని ఇంజన్ని కొట్టడం) మొదలవుతుంది, పిస్టన్ కరుగుతుంది. ఎంతసేపట్లో అంటే, అరనిమిషం కూడా పట్టదు.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. నా ఎస్టీమ్‌కి జరిగింది.

పన్నెండేళ్ళ కిందటి మాట. 1298 సీసీ, 85 హెచ్‌పి. కిట్టు అమ్మినాయన 'డ్రై' కిట్టు అంటగట్టాడు, 50 జెట్టుతో. డ్రై అంటే గ్యాస్ మాత్రమే లోపలికి పోతుంది, దానికి కావాల్సిన అదనపు పెట్రోలు కారు ఇంజెక్టర్లే పోయాలి. ఒక గొట్టం, ఒక సాలినాయిడ్, ఒక నాజిల్. బిగించడం తేలిక, ఖర్చు తక్కువ. "కంప్యూటర్ అంతా చూసుకుంటుంది సార్" అన్నాడు. నేను నమ్మాను. నమ్మడానికి కారణం కూడా ఉంది: కొన్ని కార్లలో అది నిజమే. లోపలికి వచ్చే గాలిని బరువు కొలిచే సెన్సర్ ఉండి, నైట్రస్ దానికి ముందునుంచే కలిస్తే, ఇంజను కంప్యూటర్ ఈసీయూ ఎక్కువ గాలి వచ్చిందనుకుని పెట్రోలు పెంచుతుంది. మన చిన్న కార్లలో చాలావాటికి ఆ సెన్సర్ ఉండదు. ఉండేది మానిఫోల్డ్‌లో, అంటే సిలిండర్లకి గాలి పంచే గొట్టాల్లో, ప్రెషర్ కొలిచే మ్యాప్ సెన్సర్. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు మానిఫోల్డ్ ప్రెషర్ బయటి గాలి ప్రెషర్‌కి దాదాపు సమానం. నైట్రస్ వచ్చినా రాకపోయినా ఆ సెన్సర్‌కి పెద్దగా తేడా తెలియదు. కంప్యూటర్ అంతా చూసుకుంటుంది, చూడవలసింది తప్ప.

ట్రాక్ మీద మొదటి రౌండులో ఒళ్ళు జలదరించింది, దాచిపెట్టను. మూడో గేర్లో వెనకనుంచి ఎవరో నెట్టినట్టుంది. రెండో రౌండులో అదే స్ట్రెయిట్‌లో మళ్ళీ నొక్కాను. డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు శబ్దం. కాలు తీసేలోపే వెనక నీలం పొగ.

బండిని నెల్లూరు ఆటోనగర్‌లో మా మేస్త్రీ షెడ్డుకి తెచ్చాం. హెడ్ విప్పాడు. మూడో పిస్టన్ అంచు కొవ్వొత్తి కరిగినట్టు కరిగి ఉంది, రింగు పట్టే గట్టు విరిగింది. ప్లగ్గు పింగాణీ మీద చిన్న చిన్న అల్యూమినియం పొక్కులు. ఆయన ప్లగ్గుని వెలుతురులోకి పట్టుకుని చాలాసేపు చూసి, "ఇది గ్యాస్ తిన్న ఇంజను కాదబ్బాయ్, పస్తున్న ఇంజను" అన్నాడు. నైట్రస్ గురించి ఆయనకి అప్పటికి ఏమీ తెలియదు. ప్లగ్గు చదవడం తెలుసు.

తరవాత కూర్చుని లెక్క వేసుకున్నాను. 85 హెచ్‌పికి అని వేసిన ఇంజెక్టర్లు, పైచుట్లలో (ఎక్కువ ఆర్‌పీఎంలో) పూర్తిగా తొక్కినప్పుడు అప్పటికే తమ శక్తిలో చాలాభాగం వాడేస్తున్నాయి. వాటిని 135 హెచ్‌పికి సరిపడా పోయమంటే ఎక్కడినుంచి పోస్తాయి? ఆయన ఎంత బాగా బిగించినా, నేను ఎంత బాగా నడిపినా ఆ ఇంజను పోయేదే. కిట్టు ఎంచుకున్న రోజే పోయింది.

అందుకే ఈసీయూ మార్చనివాళ్ళకి, ఇంజెక్టర్లు మార్చనివాళ్ళకి నేను 'వెట్' కిట్టే చెప్తాను. ఇందులో రెండు సాలినాయిడ్లు. ఒకటి గ్యాస్‌కి, ఒకటి పెట్రోలుకి. రెండూ ఒకే నాజిల్‌లో కలిసి గాలి లోపలికి పోయే త్రాటిల్ బాడీ ముందు తుంపరగా పడతాయి. గ్యాస్ వచ్చినప్పుడే దాని మేత కూడా దానితోపాటే వస్తుంది. కారు ఇంజెక్టర్ల మీద భారం లేదు.

డ్రై వాదులు దీనికి ఒక గట్టి అభ్యంతరం చెప్తారు, అందులో నిజం ఉంది. ఇప్పటి కార్ల మానిఫోల్డ్‌లు గాలి కోసం మాత్రమే చేసినవి, చాలావరకు ప్లాస్టిక్‌వి. వాటి వంపుల్లో పెట్రోలు తుంపర నిలబడక, గోడలకి అంటుకుని కింద గుంటలు కడుతుంది. ఒక సిలిండర్‌కి ఎక్కువ, ఇంకోదానికి తక్కువ పోతుంది. నిలవున్న పెట్రోలు అంటుకుంటే మానిఫోల్డ్ టపాకాయలా పేలుతుంది. ఒప్పుకుంటాను. ఈసీయూ ప్రోగ్రామ్ చేయించి, పెద్ద ఇంజెక్టర్లు వేసి, ఇంజను శక్తి కొలిచే డైనో మీద ట్యూన్ చేయించగలిగితే డ్రైనే మేలు, నేనే పెట్టుకుంటా. కానీ మన దగ్గర కిట్టు కొనేవాళ్ళలో ఆ పని చేయించేవాళ్ళెంతమంది? చేయించనివాళ్ళకి చిన్న జెట్టుతో వెట్ కిట్టు, నాజిల్ త్రాటిల్‌కి దగ్గరగా, చుట్లు తక్కువున్నప్పుడు అసలు పనిచేయకుండా కట్టు. ఈ మూడూ పాటిస్తే గుంటలు కట్టే సమస్య చాలావరకు తీరుతుంది. ఒక్కో సిలిండర్‌కి ఒక్కో నాజిల్ పెట్టే డైరెక్ట్ పోర్ట్ పద్ధతి మన ఖర్చుకీ మన అవసరానికీ చాలా ఎక్కువ. కార్బురేటర్ కింద బిగించే ప్లేటు కిట్లు పాత బండ్లవాళ్ళకి.

చుట్లు తక్కువున్నప్పుడు ఎందుకు వద్దో చెప్పాలి, ఎందుకంటే సిగ్నల్ దగ్గర లేచేటప్పుడే బటన్ నొక్కాలని ఉంటుంది కుర్రాళ్ళకి. నైట్రస్ సెకనుకు ఇంత అని వస్తుంది, ఇంజను ఎంత వేగంగా తిరుగుతోందో దానికి పట్టదు. కొళాయి కింద బిందెలు జరుపుతున్నట్టు ఊహించుకోండి. చకచకా జరిపితే ఒక్కో బిందెలో కొంచెం పడుతుంది. నిదానంగా జరిపితే నిండి పొర్లుతుంది. ఆరువేల చుట్లలో ఒక్కో సిలిండర్‌కి ఒక్కోసారి పడే గ్యాస్‌కి, రెండువేల చుట్లలో మూడింతలు పడుతుంది. కనెక్టింగ్ రాడ్లు వంగేది, హెడ్ గ్యాస్కెట్లు ఎగిరేది అక్కడే. మూడువేల చుట్ల కింద సాలినాయిడ్ తెరుచుకోకుండా చేసే విండో స్విచ్, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితేనే కరెంటు వెళ్ళే స్విచ్, పెట్రోలు ప్రెషర్ పడిపోతే గ్యాస్‌ని ఆపేసే స్విచ్. కిట్టుతో ఇవి రాకపోతే, బాటిల్ కంటే ముందు వీటికి డబ్బు పెట్టాలి. మా బావమరిది పంపిన ఫోటోలో ఈ మూడింటిలో ఒక్కటీ లేదు.

పెట్రోలు విషయంలో మనకి ఇంకో చిక్కు ఉంది. కిట్టుతో వచ్చే జెట్ల పట్టిక అమెరికా పెట్రోలుని దృష్టిలో పెట్టుకుని రాసింది. మన బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20. ఇథనాల్‌లో దానికదే కొంత ఆక్సిజన్ ఉంటుంది, అందుకే అదే పనికి ఎక్కువ ఇంధనం కావాలి. మామూలు పెట్రోలు కేజీకి 14.7 కేజీల గాలి లెక్క. ఈ20కి అది సుమారు 13.5. అంటే పట్టికలో ఉన్న పెట్రోలు జెట్టుకంటే తొమ్మిది శాతం దాకా ఎక్కువ పోయాలి. అక్కడి పట్టిక చూసి ఇక్కడ జెట్టు బిగిస్తే, మొదటినుంచే పస్తు. ఇథనాల్ వల్ల లాభం లేకపోలేదు, ఆక్టేన్ పెరుగుతుంది, చల్లదనం ఇస్తుంది. కానీ ఆ లాభం దక్కాలంటే ముందు సరిపడా పోయాలి కదా.

స్పార్క్ టైమింగ్, ప్లగ్గులు మాత్రం పెద్ద రామాయణం కాదు. యాభై హెచ్‌పికి రెండు డిగ్రీల చొప్పున టైమింగ్ వెనక్కి జరపడం పాత లెక్క, ఒక అంకె చల్లటి ప్లగ్గు వేసి గ్యాప్ కాస్త తగ్గించడం ఇంకో పాత లెక్క. రెండూ పనిచేస్తాయి.

ఇక ఎండ. దీని గురించి బయటి దేశాల వాళ్ళు రాసింది చదివితే మనకి నవ్వొస్తుంది. వాళ్ళు బాటిల్‌కి హీటర్ పట్టీ చుట్టుకుంటారు. చలికి ప్రెషర్ పడిపోతుందట.

బాటిల్లో నైట్రస్ ద్రవంగా ఉంటుంది, దాని పైన ఆవిరి. ప్రెషర్ ఎంతన్నది వేడిని బట్టే. సున్నా డిగ్రీల్లో దాదాపు 450 పీఎస్‌ఐ, 20 డిగ్రీల్లో 730 పైచిలుకు, 30 డిగ్రీల్లో 900 దాటుతుంది. జెట్ల పట్టికలన్నీ ఆ 900, 950 దగ్గర రాసినవే. 36.4 డిగ్రీల దగ్గర ఒక విచిత్రం జరుగుతుంది. అక్కడ నైట్రస్‌కి ద్రవం, ఆవిరి అన్న తేడా పోతుంది. ఆ పైన ఎంత నొక్కినా అది ద్రవంగా ఉండదు. 36.4 అంటే మనకి ఏ నెల? ఫాల్గుణం దాటగానే. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, నెల్లూరులో 43, 44 మామూలు. ఎండలో నిలబెట్టిన కారు డిక్కీలో అంతకంటే ఎంతో ఎక్కువ. ఆ డిక్కీలో నిండుగా నింపిన బాటిల్ ఉంటే ప్రెషర్ వెయ్యి దాటి ఎక్కడికి పోతుందో, ఎంత నిండుగా నింపారన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఇందులో రెండు ప్రమాదాలు. అందరూ ఊహించేది పేలుడు. దానికి వాల్వు దగ్గర పలచటి రేకు బిళ్ళ ఉంటుంది, హద్దు దాటితే అది చిరిగి గ్యాస్ బయటికి పోతుంది. ఆ బయట అనేది కారు బయట కావాలి, డ్రైవర్ వీపు వెనక కాదు. అందుకని గొట్టం వేసి బాడీ బయటికి తీయాలి. రెండో ప్రమాదం ఎవరికీ తట్టదు. ప్రెషర్ 950 నుంచి 1200కి పెరిగితే అదే జెట్టులోంచి గ్యాస్ ఎక్కువ పోతుంది. పెట్రోలు జెట్టులోంచి మాత్రం ఎప్పటిలాగే, మూడు బార్ల ప్రెషర్ ఇచ్చే పంపు ఎంత తోస్తే అంతే. మళ్ళీ పస్తు! జనవరి తెల్లవారుజామున చక్కగా పరిగెత్తిన ఇంజను, మే మధ్యాహ్నం అదే కిట్టుతో పోయేది ఇందుకే. మనకి కావాల్సింది హీటర్ కాదు. ఒక ప్రెషర్ గేజి, తడి గోనెసంచి, నీడ. వెయ్యి దాటితే బటన్ జోలికి పోకపోవడం.

నింపడం ఇంకో కథ. "మాకు తెలిసిన కాంపౌండర్ ఉండాడు బావా, ఆపరేషన్ థియేటర్ సిలిండర్లోంచి పట్టిస్తాడు" అన్నాడు. నాకు నిజంగా కోపం వచ్చింది. రోగికి పోవలసిన గ్యాస్ అన్నది ఒకటి. సిలిండర్ నింపడానికి 2016 నాటి గ్యాస్ సిలిండర్ల రూల్స్ ఉన్నాయి, నాగపూర్‌లో ఉన్న పేలుడు పదార్థాల భద్రతా సంస్థ పెసో లైసెన్సు ఉండాలి అన్నది రెండు. అన్నిటికంటే, నైట్రస్‌ని ప్రెషర్ చూసి నింపకూడదు, కాటా మీద పెట్టి తూకం చూసి నింపాలి. పైన ఖాళీ లేకుండా నింపితే వేడికి వ్యాకోచించడానికి చోటుండదు. ఆ కాంపౌండర్‌కి కాటా ఉందా?

రోడ్డు సంగతి క్లుప్తంగా. కొరిశపాడు దగ్గర హైవే మీద విమానాలు అత్యవసరంగా దిగడానికి వేసిన పొడవాటి తిన్నటి రోడ్డు చూసి కొందరికి చేతులు దురద పెడతాయి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్వరూపాన్ని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. అదే చట్టంలో 182ఏ కింద ఒక్కో మార్పుకి అయిదువేల జరిమానా, లేదా ఆర్నెల్ల దాకా జైలు, లేదా రెండూ. దాన్ని పక్కన పెట్టినా, ఆ హైవే మీద అర్ధరాత్రి లైట్లు లేని గడ్డి ట్రాక్టర్ ఎదురొస్తుంది, గేదె అడ్డం వస్తుంది. నైట్రస్ ట్రాక్‌కే.

చివరికి బావమరిదికి నేను చెప్పింది 25. వాడు పొందిన నిరాశ ఫోన్లోనే వినబడింది. "పాతికేంది బావా, నవ్వుతారు." 87లో పాతిక అంటే మూడో వంతుకి దగ్గర. కారు బరువు తొమ్మిదొందల కేజీల చిల్లర. ఆ పాతిక ఎంతో ఒకసారి నొక్కితే తెలుస్తుంది. పైగా బాటిల్ ఎక్కువసేపు వస్తుంది. వంద హెచ్‌పి జెట్టు పది సెకన్లకి నాలుగొందల గ్రాముల దాకా తాగుతుంది, పాతిక జెట్టుకి వంద గ్రాములు చాలు.

రెండు నెలలు మాట్లాడలేదు. తరవాత ఒకరోజు ఫోటో: ఇంజెక్టర్లకి పెట్రోలు పంచే ఫ్యూయల్ రైలు మీద గేజి, ముల్లు మూడు బార్ల దగ్గర. కింద ఏమీ రాయలేదు. ఇంకో వారానికి కొత్త పంపు, విండో స్విచ్. చెన్నై దగ్గర లైసెన్సున్న చోట తూకం వేయించి బాటిల్ నింపించుకున్నాడు.

మొన్న ట్రాక్‌లో కలిశాం. పొద్దున్నే ఆరున్నర, ఇంకా మంచు వీడలేదు. బాటిల్ ఏదిరా అంటే, లారీలోంచి రొయ్యల థర్మాకోల్ పెట్టె ఒకటి దించాడు. మూత తీస్తే ఐసుగడ్డల మధ్య మెడదాకా పూడ్చిన నీలం బాటిల్, పక్కన రెండు కేజీల వెనామీ. "ఎండకి పెట్టొద్దన్నావు కదా" అన్నాడు గర్వంగా. బిగించి, వాల్వు తిప్పి చూశాం. గేజి ఐదొందలు కూడా దాటలేదు.

"ఇప్పుడెట్టా బావా?"

"ఎండ రానీ," అన్నాను. "పోయి రొయ్యలు వేయించుకొద్దాం పద."